ఎల్ నినో ఏడాది కదా, మరి మా పాప ఉన్న ఊళ్లో మైనస్ 45 ఏమిటి?

హంద్రీ ఒడ్డు (కర్నూలు) | 14 జనవరి 2024, ఉదయం

భోగి మంట ఇంకా ఆరలేదు. ఏడున్నరకు మా పాప కెనడాలోని ఎడ్మంటన్ నుంచి ఫోన్ చేసింది. అక్కడ అప్పుడు రాత్రి. ఊళ్లో అందరి ఫోన్లూ ఒక్కసారిగా మోగాయంట. చలికి కరెంటు వాడకం బాగా పెరిగిపోయింది, అవసరం లేనివన్నీ ఆపేయండి అని అక్కడి ప్రభుత్వం పంపిన హెచ్చరిక అది. ఎయిర్‌పోర్టు దగ్గర మైనస్ 45 దాటిందంట. పాప దగ్గర ఏడు నెలల బిడ్డ ఉంది. పొద్దున్నుంచీ నాకు ఒకటే టెన్షన్.

నవంబరులో ఈ ఫోరంలోనే ఎవరో రాశారు, ఈసారి ఎల్ నినో కాబట్టి పడమటి కెనడాలో చలి తగ్గుతుందని. అది చదివి పాపకు ధైర్యం చెప్పింది నేనే. డిసెంబరంతా అట్లాగే జరిగింది కూడా. మంచు సరిగ్గా పడలేదు, బిడ్డను బండిలో పెట్టుకొని బయట తిప్పానని చెప్పేది. ఇప్పుడేమో ఇది.

నేను సైన్సు టీచరుగా రిటైరయ్యాను. ఎల్ నినో అంటే మన వానలు తగ్గుతాయని పిల్లలకు చెప్పాను కానీ, భూమధ్యరేఖ దగ్గర పసిఫిక్ సముద్రం వేడెక్కితే అంత ఉత్తరాన చలి ఎందుకు మారుతుందో నాకు తెలియదు. తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

పెన్న ఇసుక (అనంతపురం) | 14 జనవరి

అక్కా, ముందు పాప, బిడ్డ వెచ్చగా ఉన్నారా? కరెంటు పోలేదు కదా? అది రాయండి, మిగతాది తర్వాత.

హంద్రీ ఒడ్డు | 14 జనవరి

పోలేదు సార్. అందరూ లైట్లు ఆపేశారంట, కాసేపటికే వాడకం దిగిందంట. ఇప్పుడు నిద్రపోతున్నారు.

పెన్న ఇసుక | 14 జనవరి, రాత్రి

సంతోషం. పండగ పూట ఇంట్లో పని అయ్యేసరికి ఆలస్యమైంది. నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. నాకు అర్థమైనంత రాస్తాను.

మొదట మైనస్ 45 సంగతి. 2009 తలచుకోండి. అదీ ఎల్ నినో ఏడే. దేశం మొత్తం మీద నైరుతి వాన 22 శాతం తగ్గింది. అయినా అక్టోబరు 2న మీ కర్నూలు మునిగింది. ఊరు మునిగింది కాబట్టి ఆ ఏడు కరవు లేదని ఎవరూ అనరు. ఎల్ నినో మార్చేది సీజను సగటును. ధ్రువం దగ్గర పేరుకున్న చలిగాలి ఒక వారం కిందికి జారి రావడం ఏ ఏడైనా జరుగుతుంది. ఎల్ నినో ఏళ్లలో పడమటి కెనడాకు అట్లాంటి వారాలు తక్కువ వస్తాయి, అంతే. మొత్తానికి లేకుండా పోవు.

ఇక అసలు ప్రశ్న. సముద్రం మీది వెచ్చటి గాలి నేరుగా ఎడ్మంటన్‌కు పోతుందని చాలామంది అనుకుంటారు. అట్లా కాదు. మధ్యలో జరిగే పని వాన.

ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు చెయ్యి కాలుతుంది కదా. ఆవిరి చేతి మీద నీరుగా మారేటప్పుడు, తనలో దాచుకున్న వేడిని వదిలేస్తుంది. మేఘంలో జరిగేదీ అదే. రోజుకు 10 మిల్లీమీటర్ల వాన కురిసే చోట, ఆ ఆవిరి వదిలే వేడి చదరపు మీటరుకు దాదాపు 290 వాట్లు. వేల కిలోమీటర్ల సముద్రం మీద నెలల తరబడి ఇది జరుగుతుంది. ఎల్ నినో రాగానే ఈ వాన జరిగే చోటు ఇండోనేషియా వైపు నుంచి పసిఫిక్ నడిమికి, తూర్పుకు జరుగుతుంది. అంటే ఆకాశంలో పొయ్యి చోటు మారుతుంది.

ఇప్పుడు మీ తుంగభద్రను చూడండి. ఎండాకాలం నీళ్లు పలచగా పారేటప్పుడు, బండ వెనుక నీటి మడతలు ఒకచోటే నిలబడి ఉంటాయి. నీళ్లు పోతూనే ఉంటాయి, మడత మాత్రం కదలదు. భూమి చుట్టూ పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు గాలి ఏరు ఒకటి పారుతుంటుంది, జెట్ స్ట్రీమ్ అంటారు. ఉష్ణమండలంలో పైకి లేచిన ఆ వేడి, ఆ ఏటికి బండలాంటిది. దాని వల్ల గాలిలో మడతలు పడతాయి. వాటిని రాస్బీ తరంగాలు అంటారు. ఇవి భూమధ్యరేఖ దగ్గర బయల్దేరి ఉత్తర పసిఫిక్ మీదుగా వంపు తిరిగి కెనడా దాకా పోతాయి. ఒకటి రెండు వారాలు పడుతుంది.

ఎల్ నినో శీతాకాలంలో ఈ మడతల్లో ఒకటి అలాస్కా కింద, అల్యూషియన్ దీవుల దగ్గర పడుతుంది. అక్కడ ఎప్పుడూ ఉండే అల్పపీడనం ఇంకా లోతవుతుంది. మన బంగాళాఖాతం వాయుగుండంలాగే దాని చుట్టూ గాలి అపసవ్యంగా తిరుగుతుంది. కాబట్టి దాని తూర్పు పక్కన గాలి దక్షిణం నుంచి ఉత్తరానికి వీస్తుంది. ఆ పక్కనే ఉన్నాయి అలాస్కా తీరం, పడమటి కెనడా. సముద్రపు వెచ్చదనం అట్లా లోపలికి పోతుంది. 1960లలో జేకబ్ బ్యర్క్‌నెస్ అనే నార్వే సంతతి శాస్త్రవేత్త పసిఫిక్ వేడికీ ఈ అల్పపీడనానికీ ఉన్న ముడిని గట్టిగా పట్టుకున్నాడు. 1981లో వాలెస్, గట్జ్‌లర్ ఆ గాలి మడతల వరుసకు పసిఫిక్, ఉత్తర అమెరికా నమూనా అని పేరు పెట్టారు.

మిట్టచేను (ఉరవకొండ) | 15 జనవరి

సార్, చదివినాను. పొయ్యి చోటు మారడం అన్న మాట నాకు బాగా పట్టింది. పోయిన ఏడు ముంగారు (తొలకరి) పదును చూసి శెనక్కాయ వేసినాము. ఆగస్టు వచ్చింది, ఆకాశం నీలంగా తళతళలాడింది. 1901 నుంచి లెక్క తీస్తే దేశంలో అంత ఎండు ఆగస్టు లేదని టీవీలో చెప్పినారు. ఊడలు దిగే కాలంలో నేల గట్టిపడి పోయింది. ఎకరాకు మూడు మూటలు కూడా రాలేదు. ప్రభుత్వం ప్రకటించిన 103 కరవు మండలాల్లో దాదాపు అన్నీ మన సీమవే.

అయితే మా చేలో ఆగిపోయిన వానా, ఆ అమ్మాయి డిసెంబరులో చూసిన వెచ్చదనమూ ఒకే చోటి నుంచి వచ్చినాయా?

పెన్న ఇసుక | 15 జనవరి

అవునన్నా. వేర్వేరు దారుల్లో వచ్చాయి కానీ వేరు ఒకటే. వాన పసిఫిక్ నడిమికి జరిగితే అక్కడ గాలి లేస్తుంది. లేచింది ఎక్కడో దిగాలి. దిగేచోట మేఘం కట్టదు. ఆ దిగుడు మన వైపు పడింది.

బుగ్గవంక (కడప, ఇప్పుడు అమెరికాలో మినియాపొలిస్) | 16 జనవరి

మిట్టచేను అన్నా, మీరు అడిగినదానికి నా దగ్గర ఒక పాత లెక్క ఉంది.

మా జేజి చిన్నప్పుడు ధాత కరువు గురించి చెప్పేది. ఆమె చూసింది కాదు, వాళ్ల జేజి దగ్గర విన్నది. చింతగింజలు ఉడకబెట్టుకొని తిన్నారని, గుడి ముందర గంజి కోసం నిలబడి అక్కడే ప్రాణాలు పోయినవాళ్లు ఉన్నారని. ధాత అంటే 1876. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఆ కరువులో నలిగిపోయాయి. అనంతపురం అప్పటికి జిల్లా కాదు, బళ్లారిలో భాగం. 1877లో పసిఫిక్‌లో వచ్చిన ఎల్ నినో రికార్డుల్లో ఉన్న అతి పెద్దవాటిలో ఒకటి.

నేను ఇక్కడికి వచ్చాక తెలిసింది ఏమంటే, అదే 1877-78 చలికాలాన్ని మిన్నెసోటాలో శీతాకాలం లేని ఏడు అంటారు. మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో అంత వెచ్చటి చలికాలం మళ్లీ రాలేదు, ఇన్నేళ్లూ ఆ రికార్డు అట్లాగే ఉంది. అక్కడ మనవాళ్లు ఎండి పోతుంటే ఇక్కడ చలికాలంలో నేల మెత్తగా ఉంది. ఇది చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. జేజి మాటలు, ఈ ఊరి రికార్డు ఒకే సముద్రం రాసినవి.

ఈ ఏడు కూడా డిసెంబరు చాలా వెచ్చగా పోయింది. చెరువుల మీద చేపలు పట్టేవాళ్లకు మంచు గట్టిపడక దిగనియ్యలేదు. ఈ వారం మాత్రం చలి బాగా ఉంది. చూద్దాం.

హంద్రీ ఒడ్డు | 16 జనవరి

బుగ్గవంక నాయనా, మా నాన్న కూడా ధాత కరువు అనేవాడు. దానికి సముద్రంతో సంబంధం ఉందని నాకు ఇన్నేళ్లూ తెలియదు. పిల్లలకు చెప్పి ఉండేదాన్ని.

పెన్న ఇసుక | 16 జనవరి

ఆ కరువే ఈ సైన్సుకు పునాది అక్కా. భారత వాతావరణ శాఖ 1875లో మొదలైంది, ఆ వెంటనే కరువు. రుతుపవనాన్ని ముందుగా చెప్పాల్సిన ఒత్తిడి దాని మీద పడింది. 1904 నుంచి 1924 దాకా ఆ శాఖను నడిపిన గిల్బర్ట్ వాకర్ గణితం మనిషి. ప్రపంచమంతా ఉన్న పీడనం, వాన, ఉష్ణోగ్రత లెక్కలు తెప్పించి గుమాస్తాల చేత ఒకదానితో ఒకటి పోల్చి చూయించాడు. కంప్యూటర్లు లేవు, అంతా చేతి లెక్క. పసిఫిక్‌లో పీడనం పైకెత్తితే హిందూ మహాసముద్రం వైపు దిగడం, ఇటు ఎత్తితే అటు దిగడం ఆయనకు అట్లా కనబడింది. దానికి దక్షిణ డోలనం అని పేరు పెట్టాడు. ఐరోపా చలిని నడిపే ఉత్తర అట్లాంటిక్ డోలనానికి పేరు పెట్టిందీ ఆయనే. మన కరువుల కోసం మొదలుపెట్టిన లెక్కలో నార్వే, ఫిన్లాండ్ చలి దొరికింది.

ప్రొద్దుటూరు వాసి (హెల్సింకీ) | 17 జనవరి

ఫిన్లాండ్ పేరు వచ్చింది కాబట్టి రాస్తున్నా. ఇక్కడ ఈ జనవరి మొదటి వారంలో ఉత్తరాన ఎనోన్‌టెకియోలో మైనస్ 44 దాటింది. హెల్సింకీలోనూ కంటి రెప్పల మీద మంచు కట్టింది. అంటే ఎల్ నినో కెనడాను వెచ్చబరిస్తే మాకు చలి తెస్తుందా?

ఇంకో సంగతి. నేను వచ్చిన మొదటి చలికాలం 2019-20. జనవరిలో ఇక్కడ మంచే లేదు. నేను కొన్న బూట్లు అట్లాగే పెట్టెలో ఉండిపోయాయి. ఐరోపా మొత్తానికి అప్పటిదాకా రికార్డైన చలికాలాల్లో అదే వెచ్చనిది, 1981-2010 సగటు కన్నా 3.4 డిగ్రీలు ఎక్కువ. అప్పుడు చెప్పుకోదగ్గ ఎల్ నినో లేదు. మరి అది ఎక్కడి నుంచి వచ్చింది?

పెన్న ఇసుక | 18 జనవరి

మంచి ప్రశ్న తమ్ముడూ. దీనికోసం నేను నిన్నంతా పాత నోట్సు తిరగేశాను.

2019లో ఎల్ నినో లేకపోయినా మన హిందూ మహాసముద్రం మామూలుగా లేదు. ఆఫ్రికా పక్కన బాగా వేడెక్కింది, ఇండోనేషియా పక్కన చల్లబడింది. దీన్ని హిందూ మహాసముద్ర ద్విధ్రువం అంటారు. 1999లో సాజి అనే మలయాళీ శాస్త్రవేత్త జపాన్‌లోని తన బృందంతో కలిసి దీన్ని లోకానికి చూపించాడు. 2019ది లెక్కల్లో ఉన్న అతి బలమైనవాటిలో ఒకటి. ఆ ఏడు తూర్పు ఆఫ్రికాలో వరదలు, ఆస్ట్రేలియాలో కార్చిచ్చులు. అదే వేడి పంపిన తరంగాలు అట్లాంటిక్ దాకా పోయి, అక్కడి పడమటి గాలులకు బలమిచ్చాయని తర్వాత పరిశోధకులు చూపించారు. పడమటి గాలి బలంగా వీస్తే అట్లాంటిక్ సముద్రపు వెచ్చదనం స్కాండినేవియా లోపలిదాకా వస్తుంది, సైబీరియా చలి దగ్గరికి రాదు. మీ బూట్లు పెట్టెలో ఉండిపోవడానికి కారణం అది.

ఎల్ నినోకు ఐరోపా మీద ఇంకో దారి ఉంది, అది పైనుంచి దిగే దారి. లోతైన అల్యూషియన్ అల్పపీడనం నుంచి లేచే పెద్ద తరంగాలు ముప్పై కిలోమీటర్ల ఎత్తుకు పోయి, ధ్రువం చుట్టూ తిరిగే గాలి సుడిని బలహీనం చేస్తాయి. సుడి గట్టిగా తిరిగితే చలి లోపలే ఉంటుంది. సడలితే చిందుతుంది. అందుకే ఎల్ నినో చలికాలాల రెండో సగంలో ఉత్తర ఐరోపాకు చలి ఎక్కువగా రావడం కనబడుతుంది. 1940-42 నాటి ఎల్ నినో అట్లాంటిది. ఆ ఏళ్లలో ఐరోపా గడ్డకట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో మాస్కో ముందర సైనికులు పడ్డ చలి అదే.

కాకపోతే ఐరోపాకు పోయే ఈ దారి అలాస్కాకు పోయే దారంత గట్టిది కాదు. ఈసారి హిందూ మహాసముద్రం కూడా 2019లాగా ఉంది, ఎల్ నినో కూడా ఉంది. ఒకటి అటు లాగుతుంది, ఒకటి ఇటు. దానికి అట్లాంటిక్ సొంత ఊగులాట కలుస్తుంది. ఫలానా వారం చలికి ఫలానాదే కారణమని నేను చెప్పను.

నల్లమల గాలి (ఆత్మకూరు) | 18 జనవరి

సార్ మీద గౌరవంతోనే అంటున్నా, ఈ చర్చ మొత్తం అంతా సహజమే, ఊగులాటే అని చెప్పుకుంటూ పోతే జనం తప్పుగా అర్థం చేసుకుంటారు. ఆర్కిటిక్, అంటే ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్న ప్రాంతం, 1979 నుంచి ప్రపంచ సగటుకు దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. మంచు కరిగి నల్లటి నీళ్లు బయటపడితే ఎండ ఇంకా పీల్చుకుంటుంది. ఇది మనం బొగ్గు, పెట్రోలు కాల్చే పొగ వల్ల. ఉష్ణమండలం మీదికి నెట్టేస్తే ఎట్లా? నేను అడవి పక్కన బతికేవాణ్ణి. ఎండాకాలం ప్రతి ఏడూ ముందుకు జరగడం చూస్తున్నా.

పెన్న ఇసుక | 19 జనవరి

మీరు చెప్పింది తప్పు కాదు. నేను సరిగ్గా విడదీయలేదు.

ఏటేటా వేడి ఎక్కడం ఒకటి, అటూ ఇటూ ఊగడం ఒకటి. పొగ వల్ల వచ్చేది ఎక్కుడు, దానిలో నాకు ఏ అనుమానమూ లేదు. ఉష్ణమండలం ఊగిస్తుంది. ఒక్కోసారి ఆ ఊగు ఇరవై, ముప్పై ఏళ్లు ఒకే వైపు ఉంటే ఎక్కుడులాగే కనబడుతుంది. 1976-77లో పసిఫిక్ ఒక్కసారిగా ఇంకో తీరుకు మారింది, అలాస్కా చలికాలాలు అప్పటి నుంచి మెత్తబడ్డాయి. 2014లో చింగ్వా డింగ్ బృందం నేచర్ పత్రికలో రాసింది ఇంకా గట్టి మాట. ఈశాన్య కెనడా, గ్రీన్‌లాండ్‌లలో 1979 తర్వాత వచ్చిన వెచ్చదనంలో సగం దాకా ఉష్ణమండల పసిఫిక్ తీరు మారడం వల్ల రావచ్చని. ఆ ప్రాంతానికి మాత్రమే ఆ మాట. ఆర్కిటిక్ మొత్తానికి కాదు.

ఇంకొకటి, ఇది మీ వాదనకు బలం. ఉష్ణమండల సముద్రాలే పొగ వల్ల వేడెక్కుతున్నాయి. మన హిందూ మహాసముద్రం పడమటి భాగం 1901 నుంచి 2012 లోపల 1.2 డిగ్రీలు ఎక్కింది. 2001లో హర్లింగ్, హరెల్ వాళ్లు 1950 తర్వాత ఉత్తర అట్లాంటిక్ గాలుల తీరు మారడానికి మూలం ఉష్ణమండల సముద్రాలు వేడెక్కడంలో ఉందని, అందులోనూ హిందూ మహాసముద్రానిది పెద్ద పాత్ర అని చూపించారు. కాబట్టి పొగ రెండు దారుల్లో ఉత్తరానికి పోతుంది. నేరుగా ఒకటి, మన సముద్రం చుట్టూ తిరిగి ఒకటి.

నల్లమల గాలి | 19 జనవరి

ఇట్లా చెప్తే ఒప్పుకుంటాను సార్. గ్రీన్‌లాండ్ సంగతి నాకు కొత్త.

మిట్టచేను | 20 జనవరి

నాదొక అనుమానం. 1997లో భారీ ఎల్ నినో అని పేపర్లలో గోల. దేశంలో వాన మామూలుగానే పడింది. 2002లో అంత పెద్దది కాదన్నారు. ఆ జూలైలో చుక్క లేదు. మా నాయన ఎద్దులను గోరంట్ల సంతకు తోలుకుపోయి అమ్మింది ఆ ఏడే. దానికి నేను ఇంతవరకు సమాధానం వినలేదు. పెద్ద మంట చిన్న మంట కన్నా తక్కువ కాల్చడం ఎట్లా?

పెన్న ఇసుక | 20 జనవరి

అన్నా, ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన ప్రశ్నల్లో ఇదే అసలైనది. వేడి ఎంత అన్నదాని కన్నా ఎక్కడ అన్నది ముఖ్యం.

పసిఫిక్ పడమటి పక్కన నీళ్లు 29 డిగ్రీల దగ్గర ఉంటాయి. అంటే ఎసరు తెర్లడానికి సిద్ధంగా ఉన్నట్టు. అక్కడ అర డిగ్రీ పెరిగినా మేఘాలు పొంగి లేస్తాయి. పెరూ పక్కన నీళ్లు చల్లన. అక్కడ రెండు డిగ్రీలు పెరిగినా ఎసరు కాగుతుంది కానీ తెర్లదు. 1997లో వేడి ఎక్కువగా పెరూ వైపు ఉంది. 2002లో నడిమిన ఉంది. నడిమిన ఉంటే గాలి దిగుడు సరిగ్గా మన మీద పడుతుంది. ఇది 2006లో సైన్స్ పత్రికలో కె. కృష్ణకుమార్, బాలాజీ రాజగోపాలన్ వాళ్లు నిరూపించారు. ఆ మరుసటి ఏడు కారుమూరి అశోక్, ఆయన జపాన్ సహచరులు ఈ నడిమి రకానికి ఎల్ నినో మోడొకీ అని పేరు పెట్టారు. అదే జాతి కానీ అచ్చం అదే కాదు అని జపాన్ మాటకు అర్థం. మన తెలుగువాళ్ల పేర్లు ఆ పేపర్ల మీద చూసినప్పుడు నాకు చాలా సంతోషమైంది.

ఉత్తరాదికీ ఇదే సూత్రం. బండ పది అడుగులు జరిగితే ఏటి మడతలన్నీ జరుగుతాయి. 2009-10 చలికాలంలో వేడి నడిమిన ఉంది. వాంకూవర్‌లో ఒలింపిక్స్ పెట్టుకున్నారు, కొండ మీద మంచు లేదు. లారీల్లో, హెలికాప్టర్లలో తెచ్చి పోశారు. అదే చలికాలం బ్రిటన్‌కు 1978-79 తర్వాత అంత చలిది. 2016లో అలాస్కాలో కుక్కల బండ్ల పందెం ఆరంభానికి ఆంకరేజ్‌లో మంచు చాలక, ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి రైలు పెట్టెల్లో తోలారు. అది ఇంకో రకం ఎల్ నినో. ప్రతిదానికీ తన తీరు ఉంది.

మిట్టచేను | 20 జనవరి

మా నాయన ఉంటే ఇది చదివి వినిపించేవాణ్ణి. ఇరవై రెండేళ్లకు జవాబు దొరికింది సార్.

హంద్రీ ఒడ్డు | 1 ఫిబ్రవరి

సార్ చెప్పినట్టే వారం దాటకముందే ఆ చలి పోయింది. నెలాఖరులో ఎడ్మంటన్‌లో సున్నా దాటి ప్లస్‌లోకి వచ్చింది. జనవరిలో రోడ్ల పక్కన నీళ్లు పారుతున్నాయని పాప వీడియో పంపింది. ఒకే నెలలో రెండూ.

నేను మా పాత స్కూలుకు పోయి తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక గంట ఇదే చెప్పాను. తుంగభద్ర బండ బొమ్మ వేశాను. ఒక పిల్ల లేచి, బండ నీళ్లలో ఉంటుంది కదా మేడం, వేడి బండ ఎట్లా అవుతుంది అని అడిగింది. నాకు సరిగ్గా చెప్పడం రాలేదు.

పెన్న ఇసుక | 1 ఫిబ్రవరి

ఆ పిల్ల తెలివైనది. ఇట్లా చెప్పండి. లేచిన గాలి పది కిలోమీటర్ల ఎత్తుకు చేరి ఇక పైకి పోలేక పక్కలకు పరుచుకుంటుంది. పక్కల నుంచి వచ్చే గాలి ఏరుకు అది అడ్డు. నీటిలోనే అడుగు నుంచి ఊట బలంగా తన్నుకొస్తే, పైన పారే నీళ్లు దాని చుట్టూ ఒంగి పోతాయి కదా. బండ కన్నా ఊట పోలికే మేలు. ఇకనుంచి నేనూ క్లాసులో అదే వాడతాను.

బుగ్గవంక | 9 మార్చి

చూద్దాం అన్నాను కాబట్టి వచ్చాను. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా లెక్క వచ్చింది. జంట నగరాల్లో 1877-78 రికార్డు పోయింది. 146 ఏళ్ల తర్వాత ఈ చలికాలం దాన్ని దాటింది. కెనడా మొత్తానికి కూడా 1948 నుంచి ఉన్న లెక్కల్లో ఇదే వెచ్చని చలికాలం. హంద్రీ అక్కా, ఆ మైనస్ 45 వారం కూడా కలిపితేనే ఈ సగటు.

1877నాటి గాలిలో పొగ దాదాపు లేదు. అప్పుడు ఊగు ఒక్కటే అంత పని చేసింది. ఈసారి ఊగు, ఎక్కుడు కలిశాయి. నల్లమల గాలి అన్న చెప్పినదీ, సార్ చెప్పినదీ రెండూ ఈ ఒక్క అంకెలో ఉన్నాయనిపించింది.

మిట్టచేను | 10 మార్చి

ఎల్ నినో దిగిపోతోందని, వానాకాలానికి దానికి ఎదురైన లా నినా, అంటే పసిఫిక్ చల్లబడేది, రావచ్చని అంటున్నారు సార్. విత్తనకాయ ఆరు మూటలు అమ్మకుండా పెట్టుకున్నా. ఈసారి సగం చేను కంది వేద్దామని ఆలోచన. హిందూ మహాసముద్రం సంగతి మే నెలాఖరుకు ఇక్కడ రాయండి. అది చూసే విత్తనం తీస్తా.

పెన్న ఇసుక | 10 మార్చి

రాస్తానన్నా. మే 25 లోపల.